ఒక్కసారే అడిగే సత్రం

నమోదు 1. దోర్నాల సరఫరా కేంద్రం

పెద్దాఫీసు నుంచి మళ్లీ తాఖీదు వచ్చింది. సరఫరా ప్లాను వేసే ప్రతి మనిషీ ఇకమీదట పని నమోదును సొంత మాటల్లో రాయాలట. అది చదివి ‘వడ్డన’ తెలివి పెంచుకుంటుందట. అడవిలోని సత్రాలన్నిటినీ నడిపే యంత్రానికి వడ్డన అని పేరు పెట్టిన మహానుభావుడు పుట్టి బుద్ధెరిగాక ఒక్క బంతికైనా నెయ్యి వడ్డించి ఉండడు. సరే, జీతమిచ్చేవాడు రాయమంటే రాస్తాను. చదువుకోవే తల్లీ, చదువుకుని బాగుపడు.

నా పేరు ఓబులమ్మ. నల్లమల నడకదారిలో పోయేవాళ్లకు తిండి ఎక్కడ, ఎప్పుడు, ఎంత అందాలో తేల్చడం నా ఉద్యోగం. ఆ దారి అహోబిలంలో మొదలై అడవంతా తిరిగి కృష్ణ గట్టున ముగుస్తుంది. అడవిలోకి చక్రం రాకూడదు, రెక్క రాకూడదు అని చట్టం చేశాక జనానికి ఉన్నట్టుండి నడక మీద మోజు పుట్టింది. పడగ్గదిలోంచి వంటింట్లోకి కూడా కుర్చీ దొర్లించుకుంటూ వచ్చే బాపతు వీళ్లంతా. వీపుకి సంచి తగిలించుకోగానే మహర్షులైపోయామనుకుంటారు.

తిండి మొత్తం మోసుకుపోతే అడుగు వేయలేరు. మోసుకుపోకపోతే ప్రాణం నిలవదు. అందుకని దారి పొడవునా తొమ్మిది సత్రాలు పెట్టారు. నాలుగుకాళ్ల యంత్రాలు, ఇనప గాడిదలంటాం, ఇక్కణ్ణుంచి సరుకు మోసుకెళ్లి, నడిచేవాళ్ల కంటే ముందే సత్రానికి చేరుస్తాయి. ఎక్కువ పంపితే పాడై ఎలుగుబంట్లు మూగుతాయి. తక్కువ పంపితే మనిషి కూలబడతాడు. ఎక్కుడు దారికి పేలపిండి, వేరుశెనగ ఉండలు ఎక్కువ కావాలి. దిగుడు దారికి అన్నం, పప్పు సరిపోతాయి. ఎండ ముదిరితే ఉప్పూ నిమ్మకాయా పెంచాలి. మొదట్లో రెండు మూడు రోజులు ఎవడికీ ఆకలుండదు, ఒళ్లు నొప్పులే. ఆ తర్వాత మొదలవుతుంది అసలు ఆకలి. అప్పుడిక గుండ్రాయి పెట్టినా నమిలి మింగుతారు. ఇది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు, ఏళ్ల తరబడి వీళ్ల తిళ్లు చూసి తెలుసుకున్నాను.

ఈ రోజు బయల్దేరిన జట్టు నలుగురు. కోనసీమ దీవులవాళ్లు. సముద్రం పైకొచ్చాక దీవులైపోయిన ఊళ్లవి. అక్కడ ఇళ్లల్లోకి ఇంకా వడ్డన యంత్రాన్ని రానివ్వలేదని విన్నాను. జట్టు పెద్ద సూర్యభగవాన్, కాలవ లాకుల మీద ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య తాయారమ్మ, తమ్ముడు చినబాబు, తమ్ముడి భార్య సుభద్ర.

అడవిలో ఫోన్లు పలకవు. సత్రం గోడకుండే మాటపెట్టె ఒక్కటే దిక్కు. బయల్దేరేచోట ఉన్న మాటపెట్టెలోంచే పెద్దాయన్ని అడిగాను.

“వడ్డన మీ ఒక్కొక్కరి మాటా విడివిడిగా తీసుకోవాల్నా, అందరి తరఫునా ఒకరే చెప్తారా?”

“అబ్బే, విడివిడిగా ఎందుకండీ! మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే మాటండి. నా మాటే అందరి మాటానండి.”

“మీ ఆడోళ్లను ఒకసారి అడగండయ్యా.”

“వాళ్లని అడిగేదేముందండీ, నేనున్నాను కదండీ!” అని నవ్వాడు.

వెనకనుంచి ఆ ఆడవాళ్లూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఒకే గొంతు, సూర్యభగవాన్ అని నమోదు చేశాను. ఇక ఆ ఏర్పాటు మార్చాలన్నా ఆ గొంతే చెప్పాలి. తాయారమ్మకు చక్కెర జబ్బు. పూటకొక మాత్ర, మాత్ర వెనకాల తప్పకుండా తిండి. అదీ రాశాను.

నమోదు 2

దీవులవాళ్లు మొదటి సత్రం చేరారు. భోజనం వద్దన్నారు.

ఇందులో వింతేం లేదు. చెప్పాను కదా, మొదట్లో ఆకలుండదు. పైగా వాళ్ల సంచుల్లో సొంత తిండి ఉంది. అహోబిలం గేటు దగ్గర తూచి పంపిన లెక్కలో చూశాను: ఒక డబ్బా కాజాలు, ఒక డబ్బా జంతికలు, పూతరేకులు, ఆవకాయ జాడీ. ఆవకాయ జాడీ! కొండెక్కడానికి వెళ్తూ జాడీ మోసుకుపోయేవాళ్లని ఏమనాలి? గేటు దగ్గర తూచి రాయించిన తిండి తప్ప మరో గింజ అడవిలోకి పోకూడదు, మనిషి తిండికి జంతువులు అలవాటు పడతాయని. జాడీ మాత్రం ప్లానులో రాయించుకుని మరీ తీసుకెళ్లారు.

నమోదు 3

రెండో సత్రంలోనూ వద్దన్నారు.

ఓహో, అనుకున్నాను. పొట్ట తగ్గించుకునే బాపతన్నమాట. ఏటా ఇలాంటివాళ్లు ఒకళ్లిద్దరు తగుల్తారు. ఇంటికెళ్లి నలుగురికీ నడుం కొలత చెప్పుకోవాలి కదా. మా వైపు ఆకలేస్తే కంచం తీసుకుని పొయ్యి ముందు కూర్చుంటాం, ఆకలి లేకపోతే లేచి పోతాం. మధ్యలో ఈ వేషాలేంటో నాకు అర్థం కాదు.

వాళ్లు తినకపోవడం చూసి వడ్డన ముందు సత్రాలకు సరుకు తగ్గిస్తానంది. ప్లాను నా ముందుకొచ్చింది. సంతకం పెట్టాను. తిననివాడికి వండి పెట్టి ఎలుగుబంట్లను మేపడం నా పని కాదు.

నమోదు 4

మూడో సత్రం. వద్దన్నారు.

పెద్దాఫీసు నుంచి తనుష్ పలకరించాడు. ఇతను మా మీద కొత్తగా వచ్చిన అధికారి. అన్నం ఏ చెట్టుకు కాస్తుందో తెలీదు గానీ ఎవరు ఎంత తింటారో బొమ్మలు గీసి చూపిస్తాడు.

“ఓబులమ్మ గారూ, మీ దీవుల జట్టు బ్రహ్మాండం! ఇంత తక్కువ తిండితో ఇంత దూరం నడిచిన జట్టు ఇప్పటిదాకా లేదు. అందరికీ చూపిస్తాను.”

“చూపించు నాయనా. నడక మాత్రం రోజురోజుకీ నెమ్మదిస్తా ఉంది. అది కూడా చూపించు.”

“పెద్దవాళ్లు కదండీ.”

పెద్దవాళ్లే. కానీ ఈపాటికి ఆకలి మొదలవ్వాలి. ఎవరికైనా అవుతుంది. ఒంట్లో ఉన్న కొవ్వు కరిగాక కడుపులో ఎలుకలు పరిగెడతాయి. ఈ నలుగురికీ పరిగెట్టలేదు. అది నాకు నచ్చలేదు.

సాయంత్రం మాటపెట్టెలో సూర్యభగవాన్‌ని పట్టుకున్నాను.

“ఏందయ్యా, అన్నం తినరా మీరు?”

“తింటామండి, తినకేమండీ! మీరు తిన్నారాండీ?”

“నా తిండి సంగతి మీకెందుకు? తాయారమ్మ గారు మాత్రేసుకుంటన్నారా?”

“సుబ్బరంగా ఏసుకుంటందండి. ఏ లోటూ లేదండి. మీరేం కంగారు పడకండి.”

లోటు లేదట. మనిషి గొంతులో పస లేదు, మాటలో మాత్రం పట్టుచీర జరీ.

నమోదు 5

ఒక సంగతి రాయాలి, ఎందుకంటే దీన్ని చదివే యంత్రానికి తన పుట్టుక తనకు తెలిసి ఉండదు.

వడ్డన పూటకు ఒక్కసారే అడుగుతుంది. “భోజనం పెట్టమంటారా?” అంటుంది. పెట్టమంటే పెడుతుంది. వద్దంటే “సంతోషం” అని తలుపు మూసేస్తుంది. మళ్లీ అడగడం దానికి నిషేధం. ఒక్కమాట చట్టం అంటారు దాన్ని. వద్దన్న మనిషిని రెండోసారి అడిగితే బలవంతం కిందికి వస్తుంది. యంత్రమైనా సరే, ఉద్యోగంలో ఉన్న మనిషైనా సరే.

ఆ చట్టం ఊరికే రాలేదు. మా మేనత్త చివరి రోజుల్లో ఆమెను చూసుకున్న యంత్రం “ఇంకొంచెం, ఇంకొక్క ముద్ద, నా కోసం” అని బతిమాలి బతిమాలి తినిపించేది. వద్దు మొర్రో అంటే వినేది కాదు. నోరు తెరవకపోతే గొట్టం వేసింది. ఆమె చేతులు పక్కకి కట్టేసి ఉండటం నేను కళ్లారా చూశాను. అలాంటివాళ్లు ఎందరో. చట్టం కావాలని ఊరేగింపు తీసినప్పుడు జెండా పట్టుకుని ముందు వరసలో నడిచాను నేను. జీవితంలో నేను ఇష్టపడి నడిచింది ఆ ఒక్క రోజే.

వద్దంటే వద్దే. అంతకంటే గొప్ప మాట ఈ లోకంలో లేదని ఇవాళ్టికీ నా నమ్మకం.

నాలుగో సత్రం: వద్దన్నారు. ఐదో సత్రం: వద్దన్నారు.

నమోదు 6

ఈ రోజు ఆరో సత్రం నుంచి సుభద్ర మాట్లాడింది. మగవాళ్లు వాగు దగ్గరికి నీళ్లకు వెళ్లారట. గొంతు బాగా తగ్గించింది.

“ఓబులమ్మ గారూ, తప్పుగా అనుకోనంటే ఒక మాట అడగొచ్చాండీ?”

“అడుగు తల్లీ.”

“అబ్బే, ఏం లేదండీ. మీరు పనిలో ఉన్నారేమో...”

“సుభద్రా! అడుగు!”

“ఈ సత్రం మిషనుందండీ... మనం వద్దంటే, నిజంగానే వద్దనుకుంటదాండీ?”

టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

“వద్దంటే వద్దనుకోక ఇంకేం అనుకుంటది?”

“మరి... పైవాళ్లింటికి వెళ్తే తొలిసారి ఎవరు తింటామంటారండీ? వద్దంటాం. వాళ్లు ‘అదేం మాటండీ, లేవండి’ అంటారు. మళ్లీ వద్దంటాం. అప్పుడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కూచోబెడతారు. అప్పుడు తింటాం. మొదట్లోనే తింటానంటే ఎంత అప్రదిష్టండీ!”

అయ్యో నా తల్లీ! అయ్యో నా కర్మమా! మొహమాటానికి పోతే కడుపైందని మా వైపు ఓ సామెత ఉంది. వీళ్లు మొహమాటానికి పోయి కడుపు మాడ్చుకుంటున్నారు.

“మొదటి సత్రంలో సరే. రెండో సత్రంలోనైనా తెలవలేదా మీకు?”

“రెండోదాంట్లో మా బావగారికి కోపమొచ్చిందండి. ఒక్కసారి అడిగి ఊరుకున్నారంటే పెట్టడం ఇష్టం లేదన్నమాటే, అలాంటి గుమ్మంలో మెతుకు ముట్టకూడదు అన్నారండి. కాజాలున్నాయి కదా అని మేమూ ఊరుకున్నాం.”

“ఇప్పుడున్నాయా?”

లేవని నసిగింది. తర్వాత చెప్పింది. ఉన్నవాటిలో చివరి రెండు కాజాలూ నిన్న మంచినీళ్లు అడిగిన ఎవరో దారినపోయే కుర్రాళ్లకు పెట్టేశాడట సూర్యభగవాన్. నీళ్లడిగినవాళ్లకి వట్టి నీళ్లెలా ఇస్తామండీ అంది. తాయారమ్మ మాత్ర వేసుకుంటోంది, వెనకాల తిండి లేదు. చేతులు వణుకుతున్నాయి, చెమటలు పోస్తున్నాయి, నిలబడితే తూలుతోంది. ఇక నడవలేదు. నలుగురూ ఆరో సత్రం అరుగు మీదే ఉండిపోయారు. చక్కెర జబ్బు మనిషి మాత్ర మింగి పస్తుంటే ఏమవుతుందో నాకు తెలుసు. నిద్రలోకి జారుతుంది. మళ్లీ లేవదు.

“మాత్ర ఆపించు ముందు!”

“అలాగేనండి.”

“తలుపు దగ్గరికి పోయి ‘పెట్టు’ అని చెప్పమను మీ బావని. ఒక్క మాట! మీ బావగారి గొంతు తప్ప ఇంకొకటి వినదది!”

“అమ్మో, నేనెలా చెప్తానండీ ఆయనకి? వస్తున్నారండి, ఉంటానండి,” అని పెట్టేసింది.

వీళ్ల మర్యాద మండిపోను.

నమోదు 7

నేనే చెప్పాను. చెవిటివాడి ముందు శంఖమూదినా ఇంతకంటే ఫలితం ఉండేది.

“సూర్యభగవాన్ గారూ, సూటిగా చెప్తాను. ఆ మిషను రెండోసారి అడగదు. అడిగితే నేరం. మీరే తలుపు ముందు నిలబడి, మాకు ఆకలేస్తంది, అన్నం పెట్టు అనాలి.”

“తప్పకుండానండి. అలాగేనండి.”

“ఇప్పుడే అంటారా?”

“అంటానండి. మీరు నిశ్చింతగా ఉండండి.”

పూట గడిచింది. వడ్డన నమోదు చూశాను. అడిగింది. ఆయన జవాబు: “అబ్బే, ఇప్పుడే అయిందండి.”

మళ్లీ పట్టుకున్నాను. ఈసారి ఆయన గొంతు గట్టిపడింది.

“ఓబులమ్మ గారూ, మా నాన్నగారు తుపాను ఏడాది వారం పస్తున్నారు గానీ ఒకరి గుమ్మంలో నిలబడి అన్నం పెట్టమని అడగలేదండి. నేను ఒక తలుపుచెక్కని అడుక్కోమంటారాండీ?”

“అడగందే అమ్మైనా పెట్టదయ్యా!”

“మా అమ్మ అడగకుండానే పెట్టేదండి.”

ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది.

“నీ భార్య చచ్చిపోద్ది, తెలుసా నీకు?” అన్నాను. ‘గారు’ లేదు, ‘మీరు’ లేదు.

“తాయారుకేం కాదండి. గట్టి మనిషండి,” అన్నాడు. గొంతు పగిలింది. అయినా మాట మార్చలేదు.

తనుష్‌ని పిలిచాను. రక్షణ జట్టును పంపమన్నాను.

“వాళ్లు సాయం అడిగారాండీ?”

“అడగరు.”

“మరి?”

“అడగరు కాబట్టే పంపమంటన్నా. ఆకలితో ఉన్నారు.”

“కానీ వద్దన్నారు కదండీ. ప్రతి సత్రంలో వద్దన్నారు. ఆకలేస్తే వద్దని ఎందుకంటారు?”

ఆ అబ్బాయి నిజంగానే అడిగాడు. పుట్టినప్పట్నుంచీ ఒక్కసారే అడిగే యంత్రాల మధ్య పెరిగినవాడు. వద్దన్న మాట వెనక ఇంకో మనిషి కూర్చుని ఉంటాడని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనికి నచ్చజెప్పడం కంటే ఇనప గాడిదకు పద్యం నేర్పడం తేలిక.

“కనీసం తాయారమ్మ నోటితో చెప్పిస్తే?”

“ఆవిడ మాట చెల్లదండి. జట్టుకి ఒకే గొంతు అని మీరే నమోదు చేశారు.”

అవును, నేనే చేశాను. ముగ్గురి నోళ్లు మూసి తాళంచెవి ఒకడి జేబులో వేశాను. వేయమన్నది వాళ్లే, నవ్వుతూ.

నమోదు 8

దారి దొరికింది. రాత్రంతా తిట్టుకుంటుంటే తెల్లారేసరికి తట్టింది.

తమకోసం అడగరు. కానీ నీళ్లడిగినవాడికి చివరి కాజా పెట్టారు కదా!

పొద్దున్నే మాటపెట్టె మోగించాను. గొంతులో ఎన్నడూ లేని తేనె పోసుకున్నాను.

“సూర్యభగవాన్ గారూ, నమస్కారమండి. మీకు కొంచెం శ్రమ ఇవ్వాల్సొచ్చింది.”

“అయ్యో, చెప్పండి, చెప్పండి!”

“మా ఆఫీసువాళ్లం పదిమందిమి రేపు మీ సత్రం చూడ్డానికి వస్తన్నాం. మధ్యాన్నానికి చేరతాం. దారిలో తినేదానికి ఏమీ దొరకదు. మరి...”

పూర్తి చేయనివ్వలేదు. “అదేం మాటండీ! మేమిక్కడ ఉండగా మీరు పస్తుంటారా? భోజనానికి రండి. పదిమందీ రండి! ఏవే తాయారూ, రేపు మధ్యాన్నం పదిమంది వస్తున్నారు!” నీరసంగా మూలిగే మనిషికి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ హుషారు.

ఇంకాసేపటికి నమోదులో ఆయన మాట కనబడింది. “ఏవమ్మా సత్రం! పదిమందికి భోజనం కావాలి. పప్పు, పులుసు, నెయ్యి, తీపి కూడా ఉండాలి. తక్కువ కాకూడదు, మాట రాకూడదు.”

గాడిద సరుకెత్తుకుని కదిలింది. నేను కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వాను. ఇంత తెలివి ఉండి సరఫరా కేంద్రంలో పడి ఉన్నానే అని నా మీద నాకే జాలేసింది.

సాయంత్రం సుభద్ర మాట్లాడేదాకా ఆ నవ్వు నిలిచింది.

“గాడిద సరుకు తెచ్చిందండి. చాలా సంతోషమండి.”

“తిన్నారా?”

“అమ్మమ్మ! అతిథులు తినకుండా మేమెలా ముట్టుకుంటామండీ?”

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎదురుగా పదిమంది తిండి. దాన్ని కాపలా కాస్తూ నలుగురు పస్తు. ఇంత పిచ్చి జనాన్ని నేను పుట్టి ఎరగను.

“మీ తాయారక్కెలా ఉంది?” అన్నాను.

“పలకరిస్తే కళ్లు తెరుస్తందండి. రేపు చుట్టాలొస్తారు కదా, నాకు ఆ చీర కట్టండి అంటందండి,” అంది సుభద్ర. అని ఏడ్చింది.

నమోదు 9. ఆరో సత్రం

ఇది చేత్తో రాస్తున్నాను.

తెల్లారకముందే దోర్నాల గేటు దాటాను. గేటులో నా దగ్గర ఒక్క గింజ కూడా లేదని తూచి మరీ పంపారు. ఇన్నేళ్లుగా ఈ అడవికి తిండి పంపుతున్నాను గానీ నా కాలు దీనిలో పెట్టలేదు. పెట్టాక తెలిసింది, నేను ‘కొంచెం ఎక్కుడు’ అని రాసిన చోట మనిషి నాలుగు కాళ్ల మీద పాకాలి. ‘నీడ ఉంది’ అని రాసిన చోట నాలుగు ముళ్లచెట్లున్నాయి. ఆ రాత రాసిన చేతిని నరకాలనిపించింది. చెప్పు తెగింది. తిట్టుకుంటూ నడిచాను, ఊపిరి ఆడనప్పుడు మనసులో తిట్టుకున్నాను.

ఎండ నడినెత్తి మీది నుంచి వాలుతుండగా చేరాను. అరుగు ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. సుభద్ర మోదుగాకులు కుట్టి విస్తళ్లు చేసింది. వరసగా పది విస్తళ్లు. సత్రం పొద్దున వండి ఇచ్చిన గిన్నెల మీద మూతలు తీయలేదు. గాడిద ఖాళీ గిన్నెలు తీసుకెళ్లడానికి పక్కనే నిలబడి ఉంది. తాయారమ్మ గోడకి చేరగిలబడి ఉంది, జరీ చీరలో. ముఖం సున్నం కొట్టినట్టుంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. నన్ను చూసి లేవబోయింది, చేతకాలేదు.

“రామ్మా, రా,” అంది. నాలుక తడబడింది. “ఎండన పడొచ్చావు. కాళ్లు కడుక్కో.”

సూర్యభగవాన్ చెంబుతో నీళ్లిచ్చాడు. మనిషి సగమయ్యాడు. నా వెనక్కి చూశాడు.

“మిగతావాళ్లు వెనకున్నారాండీ?”

“రారు. ఎవరూ లేరు. అబద్ధం చెప్పాను. ఈ అన్నం మీది. తినండి.”

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం కందిపోయింది.

“అంటే మాకు ధర్మం చేద్దామనాండీ? ముష్టివాళ్లలా కనపడ్డామాండీ మీ కంటికి? ఏం అక్కర్లే...”

గాడిద తల ఇటు తిప్పింది. ఆర్డరిచ్చిన గొంతు అది. ఆ గొంతు ‘అక్కర్లేదు, వద్దు’ అన్న మరుక్షణం గిన్నెలన్నీ వీపుకెత్తుకుని వెళ్లిపోతుంది. ఎవరి మాటా వినదు. నేను లేచి, చెంబు విసిరేసి, అంతటి పెద్దమనిషి నోటిని అరచేత్తో మూసేశాను. ఆయన వెనక్కి తగ్గాడు. నేను వదల్లేదు. ఆయన్ని అలాగే తోసుకుంటూ తాయారమ్మ పక్కన కూర్చోబెట్టి, నేనూ కూర్చున్నాను. చినబాబు నిలబడిపోయి చూస్తున్నాడు.

“సుభద్రా, పేలపిండిలో బెల్లం వేసి నీళ్లు పోసి కలుపు. పలచగా! నా చేతికియ్యి.”

ఇచ్చింది. ఎడమ చెయ్యి ఆయన నోటి మీద ఉంది. కుడిచేత్తో ముద్ద తీసి తాయారమ్మ నోటి దగ్గర పెట్టాను. ఆమె తల పక్కకి తిప్పింది.

“వద్దమ్మా,” అంది. “ముందు నువ్వు...”

వద్దంది. స్పష్టంగా విన్నాను. ఆ మాట కోసం జెండా పట్టుకుని నడిచినదాన్ని నేను. కట్టేసిన మా మేనత్త చేతులు గుర్తొచ్చాయి. రెండోసారి అడగడానికి కూడా లేదు. ఉద్యోగం పోతుంది, అది సరే. ఈమె నిజంగానే వద్దంటే? నేనూ ఆ గొట్టం వేసిన యంత్రం లాంటిదాన్నే అయితే?

ఆమె కళ్లు ముద్ద మీదే ఉన్నాయి.

‘ముందు నువ్వు’ అనడానికి తెరిచిన నోట్లోనే పెట్టేశాను.

పెదవులు మూసుకున్నాయి. చాలాసేపు దవడ కదల్లేదు. తర్వాత కదిలింది. మింగింది. ఇంకోటి పెట్టాను, మింగింది. మూడోది కలిపేలోపు నా మణికట్టు పట్టుకుంది, చల్లటి చేత్తో. ఆపుతోందనుకున్నాను. లాక్కుంటోంది.

“ఇంకో ముద్ద పెట్టమ్మా,” అంది. “ఆకలేస్తంది. చాలా రోజులైంది.” పెద్దగా అంది. మొగుడు పక్కనే ఉండగా అంది. అని, చిన్నపిల్లలా ఏడుస్తూ నోరు తెరిచింది.

నా ఎడమ చెయ్యి తడిసింది. సూర్యభగవాన్ కళ్లలోంచి నీళ్లు కారి నా వేళ్ల మీద పడుతున్నాయి. నోరు వదిలేశాను. వద్దనలేదాయన. గాడిద వంక చూశాడు, పది విస్తళ్ల వంక చూశాడు, ఆవురావురుమని తింటున్న భార్య వంక చూశాడు. వెనక సుభద్ర అప్పటికే మూత తీసి మొగుడికి వడ్డిస్తోంది, ఎవర్నీ అడగకుండా. నేను తాయారమ్మకు పెడుతూనే ఉన్నాను. బెల్లం కలిపింది అయిపోయింది, పప్పన్నం కలిపాను.

కాసేపటికి ఆయన జరిగి నా మోకాలి దగ్గరికొచ్చాడు. తల ఎత్తలేదు. అరచేతులు దోసిలి పట్టాడు.

“నాక్కూడా పెట్టండి,” అన్నాడు.

పెట్టాను. ఇంకోటి పెట్టాను. ‘చాలా?’ అని మాత్రం అడగలేదు. అడిగితే ‘చాలు’ అంటాడు.